టేబుల్ టెన్నిస్ బ్యాట్ తల బరువు ఎక్కువైంది: తేలిక రబ్బర్లు వేస్తే చాలా, బ్లేడే మార్చాలా?

కొర్లగుంట_లూపర్

ఈ మధ్యే కొత్త బ్లేడ్ (రబ్బర్లు అంటించే చెక్క) కొన్నాను. ఏడు పొరల చెక్క, కార్బన్ లేదు, ఉత్త బ్లేడ్ 90 గ్రాములు. ఫోర్‌హ్యాండ్‌కి చైనా టాకీ (పైన జిగటగా ఉండే) రబ్బర్ 2.15 మి.మీ., బ్యాక్‌హ్యాండ్‌కి గట్టి స్పాంజ్ ఉన్న జర్మన్ రబ్బర్, మ్యాక్స్ మందం. బ్లేడ్ ఆకారానికి కోశాక రబ్బర్లు 53, 48 గ్రాములు తూగాయి. గ్లూ, ఎడ్జ్ టేప్‌తో కలిపి మొత్తం 194.

ఫోర్‌హ్యాండ్ లూప్ (బాగా టాప్ స్పిన్ ఇచ్చే షాట్) గురించి చెప్పనక్కర్లేదు. బంతి బరువుగా పోతోంది, అవతలివాళ్ల బ్లాక్ గాల్లోకి లేస్తోంది. బాధంతా మిగతా షాట్లతోనే. బ్యాక్‌హ్యాండ్ నుంచి ఫోర్‌హ్యాండ్‌కి తిరిగేసరికి బ్యాట్ నాకన్నా వెనక ఉంటోంది. టేబుల్ మీద పడిన పొట్టి బంతిని ఫ్లిక్ చేద్దామంటే మణికట్టు తిరగదు. మూడో గేమ్‌కి ముంజేతి కండ బిగుసుకుంటోంది. బ్యాట్‌ని మెడ దగ్గర వేలి మీద ఆనిస్తే తలవైపు దబ్బున పడిపోతుంది.

బ్లేడ్ పేరు అడగొద్దు, దాని ఫ్యాన్స్ ఇక్కడే సగంమంది ఉన్నారు. అమ్మే ఉద్దేశం లేదు, దాని ఫీల్ నాకు బాగా నచ్చింది. రబ్బర్లు తేలికవి వేసి బ్యాలెన్స్ సరిచేసుకోవాలని ఆలోచన. ఎన్ని గ్రాములు తగ్గితే చేతికి తేడా తెలుస్తుంది? ముందు ఏ వైపు మార్చాలి? రెండు షీట్లకీ కలిపి ఏడు వేలు దాటకూడదు.

భవానీనగర్_బ్లాకర్

194 ఆ? తిరుమల కొండ మీద చిన్న లడ్డు 175 అంటారు. నువ్వు లడ్డు కన్నా బరువైనదాన్ని పట్టుకుని టాప్ స్పిన్ కొడుతున్నావు సామీ.

పింపుల్స్_మామ

నా బ్యాట్ 150 దాటదు. బ్యాక్‌హ్యాండ్‌లో స్పాంజ్ లేని లాంగ్ పింపుల్స్ (పైకి పొడవాటి బుడిపెలున్న రబ్బర్). నొప్పీ లేదు, లేటూ లేదు. ప్రశ్న ముగిసింది, తలుపులు మూసుకోవచ్చు.

కొర్లగుంట_లూపర్

మామా, నాకు పింపుల్స్ వద్దు. రెండు వైపులా లూప్ కొట్టాలి నేను.

పింపుల్స్_మామ

మొదట్లో అందరూ అదే అంటారు నాయనా.

స్పాంజ్_పిచ్చోడు

మామని పక్కన పెట్టి అసలు విషయానికి వద్దాం.

రబ్బర్ అంటే రెండు ముక్కలు: పైన టాప్ షీట్, కింద స్పాంజ్. బరువు రెండింటి నుంచీ వస్తుంది. టాకీ రబ్బర్ల టాప్ షీట్ సాధారణంగా మందం, దట్టం. వాటి కింద గట్టి స్పాంజ్ చేరితే 50 దాటడం మామూలే. నీ 53 అందుకే.

150 × 157 మి.మీ. తల ఉన్న బ్లేడ్‌కి కోశాక ఎన్ని గ్రాములు ఉంటాయో రమారమి చెప్తాను. గట్టివి (టిబార్ ఎమ్‌ఎక్స్-పి, డిగ్నిక్స్ 09సి లాంటివి) 48 నుంచి 51. మధ్యస్తం (టెనర్జీ 05, రక్జా 7, ఫాస్టార్క్ జి-1) 46, 47, 48. తేలికవాటిలో గ్జియామ్ వేగా యూరోప్ 42, 43 దగ్గర ఉంటుంది. రక్జా 7 సాఫ్ట్, రోజెనా, ఎఫ్‌ఎక్స్-ఎస్ 43 నుంచి 45. పాత మార్క్ వి కూడా ఆ చుట్టుపక్కలే.

స్పాంజ్ గట్టిదనం డిగ్రీల్లో రాస్తారు కదా, వేర్వేరు దేశాల అంకెల్ని పోల్చకు. టెనర్జీ 05 మీద 36 అని ఉంటుంది, అది జపాన్ కొలత. వేగా యూరోప్ 42.5, అది జర్మన్ కొలత. అంకె చూసి టెనర్జీయే మెత్తన అనుకుంటే పొరపాటే, నిజానికి వేగా యూరోప్ చాలా మెత్తన. చైనావాళ్ల 39, 40 అయితే ఈ రెండింటికన్నా గట్టివి.

మందం తగ్గిస్తే పెద్దగా కలిసిరాదు. 2.0 నుంచి 1.8కి దిగితే మిగిలేది ఒకటి, రెండు గ్రాములు. రబ్బర్ రకం మారిస్తే ఐదారు గ్రాములు. అందుకని ముందు రకం చూడు, మందం తర్వాత.

రేణిగుంట_రైలు

గ్రాములు, మిల్లీమీటర్లు, డిగ్రీలు... మా రోజుల్లో ఏ బ్యాట్ దొరికితే దానితో ఆడాం. కాళ్లు కదలనివాడికి బ్యాట్ బరువే అనిపిస్తుంది. ముందు మల్టీబాల్ (వరసగా బంతులు వేయించుకుని చేసే ప్రాక్టీస్) చెయ్యి, అడుగులు సరిచేసుకో. ఏడు వేలు మిగులుతాయి.

స్పాంజ్_పిచ్చోడు

అన్నా, మీ రోజుల్లో రబ్బర్లే తేలిక కదా! స్రైవర్, మార్క్ వి వేసుకుని వాటికి స్పీడ్ గ్లూ పూసేవాళ్లు. ఆ గ్లూతో స్పాంజ్ ఉబ్బి వేగం అదే వచ్చేది. బంతి 38 మి.మీ. ఉండేది, 2000లో 40 అయింది. 2008లో స్పీడ్ గ్లూ తీసేశారు. 2014 నుంచి ప్లాస్టిక్ బంతి. బంతి పెద్దదై స్పిన్ తగ్గేకొద్దీ కంపెనీలు గట్టి స్పాంజ్, పెద్ద రంధ్రాలు, మందం అంటూ వచ్చాయి. బ్యాట్లు బరువెక్కింది అలాగే. కాళ్ల మాట ఒప్పుకుంటాను, కానీ ఈ కుర్రాడి సమస్య కాళ్లది ఒక్కటే కాదు. ఫ్లిక్‌లో మణికట్టు తిరగట్లేదు అంటున్నాడు.

రేణిగుంట_రైలు

ఆ స్పీడ్ గ్లూ వాసన ఇంకా నా ముక్కులో ఉంది. సరే, చదువుతున్నా, కానివ్వండి.

కట్టమంచి_కుర్రోడు

బ్రో, ఇంత ఖర్చెందుకు? హ్యాండిల్‌కి టెన్నిస్ ఓవర్‌గ్రిప్ చుట్టి లోపల సీసం టేప్ పెట్టు. బరువు వెనక్కి వస్తుంది, బ్యాలెన్స్ సెట్. నేను అలాగే చేశా, ఇప్పుడు వేలి మీద పెడితే సమంగా నిలబడుతుంది.

భవానీనగర్_బ్లాకర్

194కి ఇంకో పది కలిపి 204 చేయమంటావా? మంచి వైద్యమే.

ఫిజిక్స్‌సార్_రిటైర్డ్

ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఎక్కడ ఆనిస్తే బ్యాట్ నిలుస్తుంది అన్నది ఒకటి, అంటే గరిమనాభి. దాన్ని తిప్పడానికి ఎంత శ్రమ పడాలి అన్నది రెండోది, అంటే జడత్వ భ్రామకం. ఇంటర్‌లో మా పిల్లలు ఈ రెండోదాన్నే వదిలేసి వెళ్లేవారు పరీక్షకి.

కాగితం మీద లెక్క వేశాను. బ్యాట్ మొత్తం పొడవు 257 మి.మీ. అనుకుందాం. ఉత్త బ్లేడ్ గరిమనాభి హ్యాండిల్ చివరి నుంచి 130 దగ్గర, రబ్బర్ల మధ్యబిందువు 180 దగ్గర. బ్లేడ్ 90, రబ్బర్లు 101. అప్పుడు బ్యాట్ నిలిచే చోటు సుమారు 156 మి.మీ. దగ్గర.

రెండు రబ్బర్లూ మార్చి 12 గ్రాములు తగ్గిస్తే అది 155కి వస్తుంది. అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంతే! హ్యాండిల్ చివర 10 గ్రాముల సీసం పెడితే 149కి వస్తుంది, దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు. వేలి మీద పెట్టి చూసేవాడికి సీసమే గెలిచినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు రెండో లెక్క. బ్యాట్ మన అరచేతిలో, హ్యాండిల్ చివరి నుంచి 50 మి.మీ. దగ్గర తిరుగుతోంది అనుకుంటే, 12 గ్రాముల రబ్బర్ తగ్గినందుకు తిప్పే శ్రమ దాదాపు ఏడెనిమిది శాతం తగ్గుతుంది. సీసం పెడితే ఏమీ తగ్గదు, పైగా దాదాపు ఒక శాతం పెరుగుతుంది. ఎందుకంటే తల దగ్గరి బరువు అక్కడే ఉంది. దూరం వర్గం చేసి గుణిస్తాం కాబట్టి చేతికి దూరంగా ఉన్న ఒక్క గ్రాము, అరచేతిలో ఉన్న పది గ్రాములకన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

కట్టమంచి తమ్ముడి బ్యాట్ నిలబడుతుంది, నిజమే. కానీ ఫ్లిక్ చేసేది వేలి మీద నిలబెట్టి కాదు కదా.

కట్టమంచి_కుర్రోడు

సార్, నాకు మాత్రం తేలికగానే అనిపిస్తోంది. ఫీల్ కూడా ఒక లెక్కే కదా?

ఫిజిక్స్‌సార్_రిటైర్డ్

లెక్కే. బ్యాట్ పట్టుకుని ఊరకే నిలబడినప్పుడు తల కిందికి లాగే భారం తగ్గినట్టు ఉంటుంది, కొందరికి అది హాయి. సర్వీస్ పట్టేటప్పుడు, పుష్‌లో పనికొస్తుంది. వేగంగా తిప్పే షాట్లలో సాయం చేయదు. లూపర్ గారి ఫిర్యాదు తిప్పడం గురించి కాబట్టి అలా రాశాను.

చాప్_చిత్తూరు

సార్ పోస్ట్ ప్రింట్ తీసి టేబుల్ పక్కన అంటించాలి. ఇక నేను చేతిపని సంగతి చెప్తా, రబ్బర్లు కోసేది నేనే కాబట్టి.

వెబ్‌సైట్లో బరువు రాసి ఉంటే అది కోయని షీట్‌దా, కోసినదా అని తప్పకుండా అడుగు. కోయని షీట్ 65 అంటే భయపడాల్సిన పని లేదు. కోస్తే అందులో మూడింట రెండు వంతులకు కొంచెం పైన మిగులుతుంది, 45 చుట్టూ.

ఒకే పేరు, ఒకే మందం ఉన్న రెండు ప్యాకెట్లు ఒకే బరువు ఉండవు. రెండు మూడు గ్రాముల తేడా మామూలే. కొంతమంది అమ్మేవాళ్లు అడిగితే తూచి చెప్తారు. చెన్నై వెళ్లి స్వయంగా కొనేవాళ్లు చిన్న డిజిటల్ కాటా జేబులో పెట్టుకుపోవచ్చు, కొట్టువాడు రొంత వింతగా చూస్తాడు, చూడనివ్వు. నేను కోసిన ముక్కని మా వీధి నగల కొట్లో తూచుకుంటా. వాళ్లకి అలవాటైపోయింది, "ఈసారి ఎన్ని కాసులు?" అని అడుగుతారు.

గ్లూ సంగతి చాలామంది పట్టించుకోరు. పాత గ్లూ పొర ఒలిచెయ్యకుండా దాని మీదే మళ్లీ మళ్లీ పూస్తుంటారు. నీటి గ్లూ రెండు వైపులా మందంగా పూస్తే మూడు నాలుగు గ్రాములు అక్కడే పోతాయి. పాతది వేళ్లతో రుద్ది ఉండలుగా తీసెయ్యి, పల్చగా ఒక్క కోటు వెయ్యి. ఎడ్జ్ టేప్ వెడల్పుది కాకుండా సన్నది వాడు. అది సరిగ్గా తల అంచు మీదే ఉంటుంది కాబట్టి ఒక గ్రామైనా సార్ లెక్క ప్రకారం దూరపు గ్రామే.

ఇంకో మాట. తల బరువు తగ్గించడానికి పైన అంచులో రబ్బర్‌ని ఐదు మిల్లీమీటర్లు తక్కువ కోసేవాళ్లని చూశా. ఐటీటీఎఫ్ (అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య) నియమం ప్రకారం రబ్బర్ బ్లేడ్ అంచు దాకా ఉండాలి, అంచు దాటకూడదు. వేళ్లు పట్టే మెడ దగ్గర మాత్రమే ఖాళీ వదలొచ్చు. టోర్నీలో అంపైర్ బ్యాట్ చూశాడంటే అంతే సంగతి. మెడ దగ్గర ఖాళీ వదిలినా తలకి ఒరిగేది తక్కువ, అది చేతికి దగ్గరి రబ్బర్ కదా.

అమ్మ_కోచ్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పాపకి పదకొండేళ్లు, శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్ వైపు ప్రాక్టీస్‌కి తీసుకెళ్తాను. తనకి 180 దాటిన బ్యాట్ ఇవ్వొచ్చా? తోటి పిల్లల నాన్నలు "ఇప్పటినుంచే బరువు అలవాటవ్వాలి" అంటున్నారు.

స్పాంజ్_పిచ్చోడు

వద్దక్కా. ఐదు పొరల తేలిక బ్లేడ్ 80, 82 దగ్గర చూడండి. రెండు వైపులా మెత్తటి రబ్బర్ 1.8 లేదా 2.0. మొత్తం 170 లోపే ఉంటుంది. బరువు అలవాటు చేసే పేరుతో మోచేయి ముందుకు నెట్టి కొట్టే అలవాటు చేస్తారు పిల్లలకి.

రేణిగుంట_రైలు

ఇందులో మాత్రం స్పాంజ్‌తో ఏకీభవిస్తున్నా. రాసి పెట్టుకోండి, మళ్లీ మళ్లీ జరగదు.

పెన్‌హోల్డ్_పుత్తూరు

ముంజేతి కండ బిగుసుకుంటోంది అన్నావు కదా తమ్ముడూ, మా ఊరికి వచ్చెయ్, పుత్తూరు కట్టు కట్టించి పంపుతాం.

సరదాకి అన్నా. విరిగితేనే కట్టు. నీది బ్యాట్‌ని గట్టిగా పిసికి పట్టుకోవడం వల్ల కూడా కావచ్చు. తల బరువున్న బ్యాట్ జారిపోతుందేమోనని చెయ్యి తెలియకుండానే బిగుస్తుంది. ఆట లేని రోజు కూడా నొప్పి ఉంటే రబ్బర్ కాదు, డాక్టర్ని చూడాలి.

పెన్‌హోల్డ్‌వాళ్లకి (బ్యాట్‌ని కలంలా పట్టేవాళ్లకి) తల బరువు కొత్త కాదు. మా హ్యాండిల్ పొట్టి, కాబట్టి ఏ బ్యాటైనా ముందుకే బరువు. మరి ఎలా తిప్పుతాం? తలకి దగ్గరగా పట్టుకుంటాం. నువ్వు షేక్‌హ్యాండ్‌లో (కరచాలనంలా పట్టే పట్టులో) హ్యాండిల్ చివర పట్టుకుంటున్నావేమో చూసుకో. చూపుడువేలు, బొటనవేలు మెడ దాకా పైకి జరిపి ఒకసారి ఆడి చూడు. పైసా ఖర్చు లేదు.

ఫిజిక్స్‌సార్_రిటైర్డ్

పుత్తూరు వారి మాట చదివి మళ్లీ కాగితం తీశాను. పట్టు అర సెంటీమీటరు పైకి జరిపితే తిప్పే శ్రమ సుమారు ఏడు శాతం తగ్గుతోంది. ఏడు వేలు పెట్టి రెండు రబ్బర్లూ మార్చినా వచ్చేది ఇంచుమించు అంతే! నేనే ఆశ్చర్యపోయి మళ్లీ సరిచూశాను, అంకె మారలేదు.

రేణిగుంట_రైలు

నేను ఏం చెప్పాను? ఏడు వేలు మిగులుతాయి అన్నానా లేదా?

స్పాంజ్_పిచ్చోడు

మీరు మల్టీబాల్ అన్నారన్నా, పట్టు అనలేదు.

కొర్లగుంట_లూపర్

పుత్తూరన్నా, నిన్న సాయంత్రం అలా పట్టుకుని ఆడాను. ఫ్లిక్ నిజంగానే తేలికైంది. కానీ మెడ దగ్గర చెక్క అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కోసుకుంటోంది. ఫోర్‌హ్యాండ్ లూప్‌లో కూడా బ్యాట్ కోణం మూసుకుపోయి బంతి నెట్‌లోకి పోతోంది. అలవాటు పడాలేమో.

పెన్‌హోల్డ్_పుత్తూరు

అంచుని సన్నటి ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దు, చాలామంది చేసేదే. రుద్దాక వార్నిష్ తుడుపు ఒకటి. కోణం సంగతి టైం తీసుకుంటుంది.

భవానీనగర్_బ్లాకర్

అందరూ తేలిక తేలిక అంటున్నారు, నా వైపు మాట కూడా వినండి. నేను బతికేది బ్లాక్ మీద. తేలిక బ్యాట్‌తో గట్టి స్మాష్‌ని బ్లాక్ చేస్తే బ్యాటే వెనక్కి పోతుంది. మెత్తటి స్పాంజ్ అయితే ఇంకా ఘోరం, బంతి స్పాంజ్ దాటి చెక్కకి కొట్టుకుంటుంది, ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. నా బ్యాట్ 188, హాయిగా ఉన్నా. తల బరువు దోషం కాదు, ఆయుధం. లూపర్ ఫోర్‌హ్యాండ్ అద్భుతంగా ఉందని మొదటి పోస్ట్‌లో అతనే రాశాడు కదా, అది ఎక్కడి నుంచి వచ్చింది మరి?

స్పాంజ్_పిచ్చోడు

పాయింటే. అందుకే "ఎంత తేలికైతే అంత మంచిది" అని నేను అనలేదు. బాగా మెత్తటి రబ్బర్ మ్యాక్స్ మందంలో వేసేకన్నా, మధ్యస్తం గట్టిదనంతో 1.9 లేదా 2.0 వేస్తే బ్లాక్ కొంత నిలబడుతుంది. బరువు మాత్రం రెండు మూడు గ్రాములే తగ్గుతుంది. ఏది వదులుకోవాలో వాళ్లవాళ్ల ఆట చెప్తుంది.

కొర్లగుంట_లూపర్

ముందు ఏ వైపు మార్చాలి అన్నది ఎవరూ చెప్పలేదు.

కట్టమంచి_కుర్రోడు

ఫోర్‌హ్యాండే. 53 ఉంది కదా, అక్కడే ఎక్కువ తగ్గుతుంది.

చాప్_చిత్తూరు

బ్యాక్‌హ్యాండ్. నీ బాధ ఫ్లిక్‌లో, తిరగడంలో.

ఫిజిక్స్‌సార్_రిటైర్డ్

ఒకటి గమనించండి. రెండు రబ్బర్లూ ఒకే చెక్కకి అటూ ఇటూ అంటుకుని ఉన్నాయి. బ్యాక్‌హ్యాండ్ రబ్బర్ బరువుని ఫోర్‌హ్యాండ్ కొట్టేటప్పుడు ఇంట్లో వదిలి రాలేం. ఏ వైపు ఆరు గ్రాములు తగ్గినా బ్యాట్‌కి ఒకటే, రెండు వైపుల షాట్లకీ తేలికవుతుంది. కాబట్టి "ఎటు బరువు ఎక్కువ" అని చూడకుండా "ఏ రబ్బర్ గుణం మారినా నాకు నష్టం లేదు" అని చూడాలి.

స్పాంజ్_పిచ్చోడు

సార్ ఇన్ని మాటల్లో చెప్పినదాన్నే ఎన్నాళ్లుగానో నేను చెప్పలేకపోతున్నా. లూపర్, నీ ఫోర్‌హ్యాండ్ రబ్బర్ నీ ఆటకి ప్రాణం. దాన్ని ముట్టుకోకు. బ్యాక్‌హ్యాండ్‌లో నీకున్న గట్టి స్పాంజ్‌ని నువ్వు పూర్తిగా వాడుకుంటున్నావా? దాన్ని లోపలిదాకా నొక్కేంత వేగం నీ బ్యాక్‌హ్యాండ్‌లో ఉందా? లేదంటే అక్కడ ఐదారు గ్రాములు ఊరికే మోస్తున్నట్టే.

కొర్లగుంట_లూపర్

బ్యాక్‌హ్యాండ్‌లో నేను ఎక్కువగా బ్లాక్, పుష్, ఓపెనింగ్ లూప్. గట్టిగా కొట్టేది తక్కువే. అంటే వేగా యూరోప్ లేదా రక్జా 7 సాఫ్ట్. ఏది?

స్పాంజ్_పిచ్చోడు

బరువే లెక్క అయితే వేగా యూరోప్. బంతి పట్టు, స్పిన్ కావాలంటే రక్జా సాఫ్ట్, ఒకటి రెండు గ్రాములు ఎక్కువ. వేగా యూరోప్‌లో బంతి కొంచెం ఎత్తుగా లేస్తుంది, బ్యాట్ మూసి పట్టు.

పింపుల్స్_మామ

ఇంకా ఆలస్యం కాలేదు నాయనా. మన హైదరాబాద్ పిల్ల ఆకుల శ్రీజ బ్యాక్‌హ్యాండ్‌లో పింపుల్స్‌తోనే ఆడుతుంది, 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో చివరి పదహారు మందిలోకి వెళ్లింది. మనికా బత్రా కూడా పింపుల్సే, తనూ అక్కడిదాకా వెళ్లింది. మీరు 42 గ్రాములకి సంబరపడుతున్నారు. మా స్పాంజ్ లేని షీట్ అందులో సగానికి అటూ ఇటూ.

భవానీనగర్_బ్లాకర్

మామా, వాళ్లు పింపుల్స్‌తో ఏం చేస్తారో చూశావా? బ్యాట్ తిప్పి తిప్పి కొడతారు, వేగంగా పంచ్ చేస్తారు. నువ్వు నిలబడి ఆనిస్తావు.

పింపుల్స్_మామ

ఆనిస్తేనే పోయిన ఆదివారం నువ్వు 11-4 ఓడావు.

భవానీనగర్_బ్లాకర్

ఆ రోజు చెమటకి చెయ్యి జారింది.

అమ్మ_కోచ్

చెమట అంటే గుర్తొచ్చింది. మన ఎండలకి, కార్తీక మాసం వానలకి ఈ టాకీ రబ్బర్లు తట్టుకుంటాయా? పాప కోచ్ టాకీ వద్దన్నారు.

చాప్_చిత్తూరు

తేమ ఉన్నప్పుడు జారుతుందమ్మా, నవంబర్ వానల్లో బాగా తెలుస్తుంది. ఎండాకాలం బ్యాట్‌ని బండి డిక్కీలో పెట్టకండి, అది అన్నిటికన్నా ముఖ్యం. ఆడాక తడి స్పాంజ్‌తో తుడిచి, ఆరాక ప్లాస్టిక్ షీట్ అంటించి కవర్లో పెట్టాలి. పిల్లలకి ఎలాగూ టాకీ అవసరం లేదు, కోచ్ చెప్పినది సరే.

కొర్లగుంట_లూపర్

అప్‌డేట్. వేగా యూరోప్ 2.0 తెప్పించాను. అమ్మినతను ముందే తూచి తేలిక షీట్ పంపాడు, కోశాక సరిగ్గా 42. చాప్ అన్న చెప్పినట్టు బ్లేడ్ మీద పాత గ్లూ ఒలిచాను, సన్న టేప్ వేశాను. 194 కాస్తా 187 అయింది. ఫోర్‌హ్యాండ్ రబ్బర్ అదే. మెడ అంచు కూడా ఉప్పుకాగితంతో రుద్దాను, పట్టు కొంచెం పైకి జరిపాను, పూర్తిగా కాదు.

ఫ్లిక్ వస్తోంది. మధ్యలోకి వచ్చిన బంతికి బ్యాట్ టైంకి చేరుతోంది. ఓపెనింగ్ లూప్ తేలిగ్గా లేస్తోంది, మొదట్లో టేబుల్ దాటి పోయింది, స్పాంజ్ అన్నట్టు బ్యాట్ మూస్తే సరిపోయింది. చెడ్డ సంగతి బ్లాకర్ చెప్పినదే: గట్టిగా కొట్టేవాళ్ల మీద బ్లాక్ తేలిపోతోంది. ముందు ఊరికే బ్యాట్ అడ్డం పెడితే వెళ్లేది, ఇప్పుడు కొంచెం ముందుకు తోయాలి.

భవానీనగర్_బ్లాకర్

చెప్పానా.

రేణిగుంట_రైలు

అందులో ఎంత రబ్బర్ వల్ల, ఎంత పట్టు వల్ల, ఎంత మనసు వల్ల? మూడూ ఒకేసారి మారిస్తే ఎలా తెలుస్తుంది?

ఫిజిక్స్‌సార్_రిటైర్డ్

న్యాయమైన ప్రశ్న. లెక్క ప్రకారం ఏడు గ్రాములకి నాలుగైదు శాతం, పట్టు జరిపినదాన్ని బట్టి మిగతాది. మనసుకి సూత్రం మా సిలబస్‌లో లేదు.

కొర్లగుంట_లూపర్

రైలన్నా, ముంజేయి బిగుసుకోవడం తగ్గింది. దేని వల్ల తగ్గినా నాకు సంతోషమే. ఫోర్‌హ్యాండ్ రబ్బర్ అరిగాక అప్పుడు చూస్తా, అదే రబ్బర్‌లో ఇంకాస్త తేలిక షీట్ వెతుకుతా.

స్పాంజ్_పిచ్చోడు

అదే మంచిది. టాకీల్లో షీట్‌కి షీట్‌కి తేడా ఎక్కువ, 49 దొరికితే వదలకు. ఈసారి రంగు కూడా మార్చుకో, 2021 నుంచి ఒక వైపు నలుపు ఉంటే రెండోవైపు పింక్, వయొలెట్, ఆకుపచ్చ, నీలం కూడా వేయొచ్చు.

పింపుల్స్_మామ

పింక్ రబ్బర్‌తో వస్తే నేను ఆడను.

కట్టమంచి_కుర్రోడు

లూపర్ అన్నా, తీసేసిన ఆ 48 గ్రాముల జర్మన్ రబ్బర్ ఏం చేస్తున్నావు? నా బ్యాక్‌హ్యాండ్ రబ్బర్ నున్నగా అయిపోయింది. నా బ్లేడ్ తల 149 × 155.

కొర్లగుంట_లూపర్

150 × 157కి కోసింది, నీకు సరిపోతుంది, అంచు కొంచెం కోసుకోవాలి. సగం ధరకి ఇస్తా. ముందు ఆ సీసం తీస్తావా మరి?

కట్టమంచి_కుర్రోడు

సీసం తీయను. రబ్బర్ మాత్రం కావాలి. ఆదివారం తిరుపతి వస్తున్నా, లీలామహల్ దగ్గర కలుద్దామా?

చాప్_చిత్తూరు

కొనే ముందు స్పాంజ్ వెనక చూసుకో తమ్ముడూ, ఒలిచేటప్పుడు ఎక్కడైనా చిరిగిందేమో. కోయడానికి నా దగ్గరికి తీసుకురా, కత్తెరతో మాత్రం కోయకు.

కట్టమంచి_కుర్రోడు

సరేనన్నా, సోమవారం వస్తా.